మన చావుల లెక్క ఎవరి కాగితంలో ఉంది?

ఈసారి కొంచెం బరువైన విషయం. చివరిదాకా చదవండి.

ఊళ్లో ఎవరైనా ఆత్మహత్యతో పోతే ముందు పోలీసులొస్తారు, శవపంచనామా రాస్తారు, తర్వాత పోస్టుమార్టం. మన కొండ ఊళ్ల నుంచైతే శవాన్ని పాలకొండకో, పార్వతీపురానికో, శ్రీకాకుళం రిమ్స్‌కో దించుతారు. ఈ పద్ధతి బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. 1973 చట్టంలో 174వ సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 194 అయింది. మధ్యలో 1983లో ఒక మార్పు వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి ఆత్మహత్య చేసుకుంటే పోస్టుమార్టం తప్పనిసరి చేశారు. వరకట్న చావుల మీద ఆడవాళ్లు గొంతెత్తాకే అది వచ్చింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. ప్రాణం దేనివల్ల పోయిందో డాక్టరు చెప్పగలరు. ఎందుకు పోయిందో మాత్రం ఇంటివాళ్లు చెప్పిందే కాగితం మీదికెక్కుతుంది. ఆ ఇంటివాళ్లకేమో భయం. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించి బతికినవాళ్లకి ఏడాది దాకా జైలు. అందుకే పేపర్లో ఎన్నోసార్లు చూస్తాం, ‘కడుపునొప్పి తాళలేక’ అని. ఆ మాట వెనక అప్పు ఉందో, తాగుడు ఉందో, కొట్లాట ఉందో ఎవరికీ తెలీదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలంది. 2024లో వచ్చిన కొత్త శిక్షాస్మృతి 309ని తీసేసింది. చట్టం మారింది గానీ భయం ఇంకా పోలేదు.

2010లో పోలీసుల లెక్కలో దేశం మొత్తం ఆత్మహత్యలు సుమారు 1.35 లక్షలు. పరిశోధకులు ఇంటింటి సమాచారంతో కట్టిన అంచనా సుమారు 1.87 లక్షలు. ఆ అంచనాలో మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 56 శాతం 15-29 ఏళ్ల వాళ్లే. అంటే మన వయసే. 2022 పోలీసు లెక్క 1,70,924. అందులో విద్యార్థులు 13,044 మంది. అన్నిటికంటే ఎక్కువగా రాసిన కారణం ‘కుటుంబ సమస్యలు’, 31.7 శాతం.

ఆ పుస్తకంలో వయసుంది, పెళ్లుంది, చదువుంది, పనుంది. సవర, జాతాపు, గదబ అన్న గడి లేదు. పట్టా లేని పోడు రైతు పోతే రైతు కింద రాస్తారా, కూలీ కింద రాస్తారా? లెక్కలో లేని చావుకి బడ్జెట్టూ ఉండదు, డాక్టరూ రాడు. మన ఐటీడీఏలని మనం అడగాల్సింది ఇదే: సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల లెక్క వేరుగా తీయండి.

లెక్క వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందుల్ని నిషేధించాక 1995 నుంచి ఆత్మహత్యలు చాలా తగ్గాయి. మన ఇళ్లలో కూడా మందు డబ్బాలు చేతికందకుండా తాళం వేసి పెట్టమని అమ్మానాన్నలకి చెబుదాం. మనసు బాగోలేకపోతే 14416 టెలిమానస్‌కి ఏ టైములోనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్లో ఎవరైనా రెండ్రోజులుగా మెస్‌కి రాకపోతే గదికెళ్లి పలకరించండి.