పదిహేనేళ్ళకని పంపి

1872 ఆగస్టులో షాంఘై రేవులో ముప్పై మంది పిల్లలు అమెరికా వెళ్ళే ఓడ ఎక్కారు. చదువు ఖర్చంతా చైనా ప్రభుత్వానిదే. బయలుదేరే ముందు తండ్రులు ఒక కాగితం మీద సంతకం పెట్టారు: మా పిల్లవాణ్ణి పదిహేనేళ్ళ చదువుకి మా ఇష్టంతోనే పంపుతున్నాం, ఈలోగా ప్రమాదం జరిగినా, ప్రాణం పోయినా ప్రభుత్వానికి పూచీ లేదు. పన్నెండేళ్ళ కొడుకు కోసం ఆ కాగితం మీద చెయ్యి ఎలా ఆడిందో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. గొప్పింటి వాళ్ళు ముందుకు రాలేదు. వచ్చినవాళ్ళలో చాలామంది దక్షిణాదిన కాంటన్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు.

ఈ ఆలోచన యుంగ్ వింగ్‌ది. మకావు దగ్గర పల్లెలో పేదింట పుట్టి, మిషనరీ బడిలో చదివి, 1854లో యేల్‌లో పట్టా అందుకున్నాడు. అమెరికా విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన మొదటి చైనీయుడు అతనే. తనకు దక్కిన చదువు తన దేశపు పిల్లలకూ దక్కాలని పదిహేనేళ్ళకు పైగా పట్టు వదలకుండా తిరిగి, జెంగ్ గువోఫాన్, లీ హోంగ్‌జాంగ్ వంటి పెద్ద అధికారులను ఒప్పించాడు. ఏటా ముప్పై మంది చొప్పున నాలుగేళ్ళలో 120 మంది వెళ్ళారు. మొదటి ఓడ కదలకముందే, ఆ మార్చిలో, జెంగ్ కన్నుమూశాడు. పథకానికి పెద్ద అండ అప్పుడే పోయింది.

పిల్లల్ని కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో అమెరికన్ కుటుంబాల ఇళ్ళలో ఉంచారు. హార్ట్‌ఫర్డ్‌లో కార్యాలయం పెట్టి, అక్కడ చైనా గ్రంథాలూ వల్లె వేయించేవారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళ నాలుక ఇంగ్లీషుకి అలవాటు పడింది. పొడవాటి అంగీలు పోయి ప్యాంట్లూ కోట్లూ వచ్చాయి. బేస్‌బాల్ జట్టు కట్టారు. కొందరు చర్చికి వెళ్ళారు, జడ కత్తిరించుకున్నారు. అప్పటి చైనాలో మగవాళ్ళు జడ తీసేయడమంటే చక్రవర్తిని ధిక్కరించడమే. అలాంటి వాళ్ళని వెనక్కి పంపేశారు.

తర్వాత పర్యవేక్షణకు వచ్చిన వూ జుదెంగ్‌కి ఈ పిల్లల వాలకం చూస్తేనే గిట్టలేదు. వీళ్ళు చదువు కంటే ఆటలకే ఎక్కువ పొద్దు వెచ్చిస్తున్నారు, పెద్దల పట్ల గౌరవం లేదు, స్వదేశం మీద మమకారం పోతోంది అని పెకింగ్‌కి రాశాడు. నారు పోసినవాడే వేళ్ళు దిగాయని కోపగించుకోవడం కాదా ఇది! కొత్త విద్య కోసం పంపినప్పుడు పిల్లల్లో మార్పు రాదని ఎలా అనుకున్నారు?

తప్పు ఒక్క పెకింగ్‌దే కాదు. సైనిక, నౌకా విద్య నేర్పించాలన్నది లీ హోంగ్‌జాంగ్ ఆశ. 1868లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ఉన్నా, సైనిక, నౌకా అకాడమీల్లో చైనా పిల్లలకు అమెరికా ప్రభుత్వం చోటివ్వలేదు. కాలిఫోర్నియాలో చైనీయుల మీద ద్వేషం రాజుకుంటోంది. పిల్లల్ని వెనక్కి పిలవకుండా చూడమని రచయిత మార్క్ ట్వేన్, పాస్టర్ ట్విచెల్ వెళ్ళి మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌ని బతిమాలితే, ఆయన లీకి ఉత్తరం రాశాడు. యేల్ అధ్యక్షుడూ రాశాడు. ఆ ఉత్తరాల వల్ల కొన్ని నెలలు గడువు దొరికిందంతే. 1881 వేసవిలో అందర్నీ వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి కాలేజీ పట్టా చేతికొచ్చింది ఇద్దరికే.

షాంఘైలో వాళ్ళకి ఎదురొచ్చినవాళ్ళు లేరు. ఒంటి చక్రపు బళ్ళ మీద ఎక్కించి, కాపలా మధ్య ఊరేగించి, ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న ఒక పాత బడిలో పెట్టి తలుపులు బిగించారు. తడి నేల, బూజు వాసన. చదువుకొచ్చిన కుర్రాళ్ళని నేరస్థుల్లా చూశారు. ఆ తర్వాత ఎవరికి ఏది వచ్చో అడక్కుండానే టెలిగ్రాఫ్‌కి, గనులకి, ఓడలకి పంచేశారు. యేల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివిన జాన్ తియన్‌యూని ఫూజౌ నౌకా పాఠశాలకు పంపారు. అతను రైలు పట్టాల దగ్గరికి చేరేసరికి 1888 అయింది. అతనే 1909 నాటికి పెకింగ్ నుంచి జాంగ్‌జియాకౌ దాకా కొండల మధ్యగా రైలు మార్గం పూర్తి చేశాడు. ఫూజౌకే వెళ్ళిన మరి కొందరికి ఆ అవకాశమూ లేకపోయింది. 1884 ఆగస్టు 23న ఫ్రెంచి నౌకలు ఫూజౌ రేవులో చైనా నౌకాదళాన్ని ముంచేసినప్పుడు, అమెరికాలో పెరిగిన నలుగురు అక్కడే చనిపోయారు.

అమెరికా 1882లో చైనా కూలీల రాకని చట్టం చేసి ఆపేసింది. 1898లో యుంగ్ వింగ్ అమెరికా పౌరసత్వమూ చెల్లదంది. 1912 మార్చిలో, చైనాని ఏలుతున్న చింగ్ రాజవంశం కూలిన కొన్ని వారాలకు, ఆ పిల్లల్లో ఒకడైన తాంగ్ షావోయి చైనా రిపబ్లిక్ మొదటి ప్రధాని అయ్యాడు. మరుసటి నెల యుంగ్ వింగ్ హార్ట్‌ఫర్డ్‌లో చనిపోయాడు.