షుగర్ ఉన్న పెద్దలకు ఆయుష్మాన్ కార్డు ఒక్కటే సరిపోతుందా?

నాన్నకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, ఆయుష్మాన్ కార్డు తీసుకున్నాం. ఇక ఖర్చు భయం లేదని చాలా ఇళ్లలో అనుకుంటున్నారు. సగమే నిజం.

70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వైద్య బీమాను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అయితే ఇది ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది. నెలనెలా వేసుకునే మాత్రలు, ఓపీ ఫీజు, మామూలు రక్త పరీక్షలు ఇందులోకి రావు. అంటే కాలి పుండు ముదిరి వేలు తీసేయాల్సి వస్తే కార్డు పనికొస్తుంది. పుండు పడకముందే స్పర్శ తగ్గిందో లేదో చూసే ఐదు నిమిషాల పరీక్షకు మాత్రం పనికిరాదు.

అసలు నష్టం జరిగేది ఇక్కడే. పరగడుపు షుగర్ ఒక్కటే చూసి 'బాగానే ఉంది' అనుకుంటే సరిపోదు. గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఏడాదికి కనీసం రెండుసార్లు చేయించాలి. కంటి రెటీనా, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పాదాల పరీక్షలు ఏడాదికోసారి తప్పనిసరి. కళ్లు, కిడ్నీలు నొప్పి లేకుండానే దెబ్బతింటాయి కాబట్టి ఎక్కువగా వాయిదా పడేవీ ఇవే.

పెద్ద వయసులో షుగర్ మరీ తగ్గించడమూ ప్రమాదమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు హెచ్‌బీఏ1సీ 7-7.5 లోపు, గుండె, కిడ్నీ జబ్బుల్లాంటివి పలు ఉన్నవారికి 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు పూట భోజనం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అమ్మ బాత్రూంలో జారిపడితే తడినేలనే తప్పుపట్టకుండా ఆ పూట ఏం తిన్నారో, ఏ మాత్ర వేసుకున్నారో కూడా అడగండి.

ఓపీ ఖర్చు తగ్గాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టర్ సలహా, బీపీ, షుగర్ మందులు ఉచితం. రక్త నమూనాలు తీసుకుని ల్యాబ్‌కు పంపుతారు. హెచ్‌బీఏ1సీ కావాలని మీరే పేరు చెప్పి అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఇద్దరు డాక్టర్లు వేర్వేరు బ్రాండ్లలో రాసిన ఒకే మందు రెండుసార్లు వేసుకుంటున్నట్లు తేలడం అరుదేమీ కాదు.