జీర్ణోద్ధారణము చేయబడిన పాత కారు



మన దేవాలయములలోని రథమును మీరందఱు నెఱుగుదురు. ఒక తరమున చక్రము మారును. మఱియొక తరమున ఇరుసు మారును. చెదలు తిన్న దూలమును తీసి క్రొత్త దూలమును వేయుదురు. నూఱేండ్లు గడచిన పిమ్మట, తొలి వడ్రంగి చెక్కిన కొయ్యలో నెంత మిగిలినదో చెప్పుట కష్టము. అయినను, ఇది మా తాతలనాటి రథమే యని ఊరివారు నిస్సంశయముగా చెప్పుదురు. వారి మాట సత్యమా, భ్రమయా? ఇట్టి ప్రశ్నయే ఇంగ్లండు దేశమున నొక పాత మోటారుకారు విషయమున పుట్టి, లండనులోని ఉన్నత న్యాయస్థానము వఱకు పోయి, 1990వ సంవత్సరమున తీర్పు పొందినది. ఆ వృత్తాంతమును, దానిని గ్రహించుటకు వలయు కొంత పూర్వచరిత్రను నేడు మనవి చేసెదను.

ఇంగ్లండులో పాత కార్ల విక్రయ ప్రకటనలందు, "ఇద్దఱు కూర్చుండు స్పోర్ట్సు కారు, పూర్తిగా పునరుద్ధరింపబడినది" అను మాట తఱచుగా కనబడును. స్పోర్ట్సు కారనగా కుటుంబ ప్రయాణమునకు గాని, సరకుల మోతకు గాని చేయబడినది కాదు. దానియందు ఇద్దఱికి మాత్రమే చోటు. బరువు తక్కువ. పైకప్పు గుడ్డతో చేసినది, మడచి పెట్టవచ్చును. మలుపుల త్రోవలో చేతికి లొంగి నడచుట దాని ముఖ్యగుణము. ఇట్టి కార్లలో లోకప్రసిద్ధి పొందినవి ఎం.జి. కార్లు.

ఆ పేరునకు మూలము "మోరిస్ గరాజెస్" అను ఆక్స్‌ఫర్డు నగరపు వ్యాపారము. దాని యజమాని విలియం మోరిస్ 1877లో జన్మించెను. పదునాఱేండ్ల వయస్సున నాలుగు పౌండ్ల మూలధనముతో తన తలిదండ్రుల యింటనే సైకిళ్లు బాగుచేయు పని మొదలుపెట్టి, క్రమముగా కార్ల నిర్మాతయై, తుదకు లార్డ్ నఫీల్డ్ అను బిరుదును పొంది, వైద్యమునకును విద్యకును అపారముగా దానము చేసిన మహాశయు డాతడు. 1922లో ఆ గరాజీలకు సెసిల్ కింబర్ అను నాతడు మేనేజరయ్యెను. మోరిస్ కార్ల చట్రములను తీసికొని, వానిపై తేలికయు, చూడముచ్చటయు నైన శరీరములను కట్టించి అమ్ముట కింబరు నూహ. ఎం.జి. కార్ల పుట్టుక ఇదియే.

అంతకు ముందు స్పోర్ట్సు కారు ధనికుల వినోదవస్తువు. 1928లో కింబరు "మిడ్జెట్" అను చిన్న కారును లండనులోని ఒలింపియా ప్రదర్శనమున నుంచెను. మోరిస్ మైనర్ అను సామాన్యపు కారు యంత్రమే దానికిని యంత్రము. వెల 175 పౌండ్లు. గుమాస్తాలును, బడిపంతుళ్లును గూడ కూడబెట్టి కొనదగిన వెల యగుటచే దానికి గొప్ప గిరాకి కలిగెను. మఱుసటి యేడు కార్ఖానా ఆక్స్‌ఫర్డు సమీపమున నున్న ఆబింగ్డన్ పట్టణమునకు మారినది.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చుటతో కార్ల నిర్మాణ మాగెను. ఆబింగ్డన్ కార్ఖానా యుద్ధశకటముల మరమ్మతులోను, విమాన భాగముల తయారీలోను మునిగినది. పై యధికారులతో భేదము కలుగుటచే కింబరు 1941లో తన పదవిని కోల్పోయెను. 1945 ఫిబ్రవరి 4వ తేదీన లండనులో కింగ్స్ క్రాస్ స్టేషనువద్ద జరిగిన రైలు ప్రమాదమున మరణించెను. తాను పెంచిన కార్ల వంశమునకు లోకమంతట కీర్తి తెచ్చిన "టి.సి." అను కారును చూచు భాగ్యము ఆతనికి లేకపోయినది, అది ఆ సంవత్సరపు చివరి భాగముననే బయలుదేరెను.

యుద్ధానంతరము బ్రిటను అప్పులలో మునిగియుండెను. విదేశములకు సరకు పంపి ద్రవ్యము తెచ్చు కార్ఖానాలకే ఉక్కు తగినంత దొరకుచుండెను. అందుచే 1945 మొదలు 1949 వఱకు నిర్మింపబడిన సుమారు 10,000 టి.సి. కార్లలో అధికభాగము పరదేశములకు పోయినవి. సుమారు 2,000 అమెరికా చేరినవి. ఆ దేశమున బండ్లు కుడిప్రక్క నడచును. అందుకు తగినట్లు చుక్కాని ఎడమప్రక్క నుండవలెను. టి.సి. చుక్కాని కుడిప్రక్కనే యున్నది. అయినను అమెరికను లా లోపమును లెక్కచేయక ప్రీతితో కొనిరి.

ఇక దాని నిర్మాణమును చూడుడు. అడుగున ఉక్కు చట్రము. దానిపై "ఆష్" అను వృక్షపు కొయ్యతో నస్థిపంజరము. ఆ కొయ్యపై ఇనుపరేకుల తొడుగు. చక్రముల వ్యాసము 19 అంగుళములు. మన బండి చక్రమునకు కొయ్య ఆకు లున్నట్లు దానికి సన్నని ఉక్కుతీగలు. యంత్రపు బలము 54 అశ్వశక్తి. కొయ్యయు రేకును కలిసినచోట వాననీరు నిలిచినచో కొయ్య పుచ్చును, రేకు త్రుప్పుపట్టును, తలుపులు క్రుంగును. కావున డెబ్బది యెనుబది యేండ్లు గడచిన యట్టి కారును నడువదగిన స్థితికి తెచ్చుట యన్నచో, తఱచుగా కొయ్య యంతయు మార్చి, రేకులలో కొంత మార్చి, యంత్రమును విప్పి అరిగిన భాగములను తీసి క్రొత్తవి వేయుటయే. పని ముగిసి, రంగు పూసి, తోలు గద్దెలు కుట్టి, "పాత కారు" అని అమ్మకమునకు పెట్టినపుడు, కొనువాడు అడుగును: ఇందు పాతది ఏది?

ఈ ప్రశ్నకే న్యాయస్థానమున సమాధానము దొరకినది. అచట వివాదములో పడినది ఎం.జి. కాదు, దానికంటె ఎంతో పెద్దది, ఎంతో విలువగలది యగు బెంట్లీ పందెపు కారు. "ఓల్డ్ నంబర్ వన్" అని దాని పేరు. ఫ్రాన్సు దేశమున ల మాన్ నగరమున నిరువదినాలుగు గంటలు ఎడతెగక జరుగు పందెమును, 1929లోను 1930లోను వరుసగా రెండుమాఱులు గెలిచినది. తరువాతి పందెములకొఱకు దానికి యంత్రము మార్చిరి, అంగములు మార్చిరి. 1932లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపుబాటలో అది గట్టు దాటి పడగా, నడుపుచున్న క్లైవ్ డన్ఫీ మరణించెను. పిమ్మట దానిని మరల కట్టిరి. ఇట్లు మారుచు వచ్చి, చాలకాలమునకు 1929నాటి లోహము మిక్కిలి స్వల్పముగా మిగిలినది.

1990లో దానిని సుమారు కోటి పౌండ్ల విలువకు కొనుట కొక సంస్థ యొప్పుకొని, పిమ్మట, ఇది పందెము గెలిచిన యా కారు కాదని వెనుదీసెను. యజమాని వ్యాజ్యము వేసెను. న్యాయమూర్తి ఓటన్ సాక్ష్యములన్నియు విచారించి, తొలినాటి భాగములన్నియు చెక్కుచెదరక యున్నదని దీనిని చెప్ప వీలులేదనియు, అయినను ఇది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అనియే చెప్పవలయుననియు నిర్ణయించి, యజమాని పక్షమున తీర్పు చెప్పెను. మార్పులు కొద్దికొద్దిగా, దీర్ఘకాలముమీద జరిగినవి; ఆ కారు ఒకనాడును లేకుండ పోలేదు; దాని చరిత్ర యెడతెగలేదు. ఇదియే ఆ తీర్పునకు సారము. మన రథము విషయమున ఊరివారి తర్కము సరిగా నిదియే కదా!

అయితే ఈ తీర్పును తలక్రిందులుగా గ్రహింపరాదు. ఎక్కడనో నాశమైన కారు సంఖ్యగల రేకు నొకదానిని సంపాదించి, మిగిలినదంతయు క్రొత్తగా చేయించి, పాత కారని యమ్ముట జీర్ణోద్ధారణము కాదు, అది మోసము. అట్టి కారునకు గడచిన కాలముతో సంబంధము తెగినది. చక్కని ప్రతిరూపమని చెప్పి యమ్మినచో దోషము లేదు. పేరు మార్చి యమ్ముటయే దోషము.

కావున బుద్ధిమంతుడగు కొనుగోలుదారు రంగును చూచి మురియడు. చట్రముపై చెక్కిన సంఖ్యయు, యంత్రపు సంఖ్యయు నిర్మాణపు లెక్కలతో సరిపోవునా యని విచారించును. పని జరుగుటకు ముందు తీసిన ఛాయాచిత్రములను, మార్చిన భాగముల జాబితాను, యజమానుల పరంపరను అడుగును. నిజాయితీగల విక్రేత అడుగక మునుపే వీని నన్నిటిని ముందుంచి, ఇది పాత చట్రము, ఇది క్రొత్త కొయ్య యని వేఱుపఱచి చెప్పును.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. శిథిలమైన తాళపత్రమునకు ప్రతి వ్రాయునపుడు, నిజాయితీగల లేఖకుడు చెదలు తిన్నచోట ఖాళీ విడుచును. స్వంతముగా పూరించినచో గుఱుతు పెట్టును. వంచకుడు తన మాటను కవి మాటలో కలిపి మఱుగుపఱచును. ఆకు క్రొత్తదైనను మొదటివాని ప్రతియందు గ్రంథము బ్రదుకును. రెండవవాని ప్రతి యెంత యందమైన వ్రాతయైనను గ్రంథమును చంపును.

ఆబింగ్డన్ కార్ఖానా 1980లో మూతపడినది.  ఇట్టి వస్తువులలో మిగులునది కొయ్యయు నినుమును మాత్రమే కాదు. వాని గుఱించి మనుష్యులు దాచిపెట్టిన సత్యము గూడ. కొయ్య పుచ్చినచో మరల వేయవచ్చును. సత్యము పుచ్చినచో దానిని బాగుచేయగల వడ్రంగి లేడు. మీ యూరి రథమునకు ఈ యేడు క్రొత్త ఇరుసు వేయించినచో, వేయించిన సంవత్సరమును, చేసిన వడ్రంగి పేరును ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. మీ మనుమలు ఇది మా తాతలనాటి రథమని చెప్పునపుడు, ఆ మాటకు ప్రమాణము వారిచేతిలో నుండును.