వెళ్ళి రావడం: తళి కొండల మీద సెలవు చరిత్ర

ఉగాది నాడు పంచాంగ శ్రవణం చేస్తాము. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని రాశివారీగా వింటాము. అయితే ఈ ఏడు ఎవరికి ఎంత విశ్రాంతి అని ఏ పంచాంగకర్తా గుణించి చెప్పలేదు. పొట్టకూటికి ఇల్లు వదలి వచ్చిన మనబోటి కుటుంబాలకు ఆ లెక్క చిన్నది కాదు. కనుక ఈ సంచికలో సెలవు అనే మాటను గురించి, మన పరిసరాలలోని తళి సాక్షిగా, నాలుగు చరిత్ర విషయాలు ముచ్చటించదలచినాము.

ముందుగా మాటనే చూడండి. పెద్దలు ఏదైనా చెబితే "సెలవిచ్చినారు" అంటాము. బయలుదేరేటప్పుడు "ఇక సెలవు" అంటాము. కచేరీ మూసిన దినమూ సెలవే. ఆజ్ఞ, అనుమతి, వీడ్కోలు, విశ్రాంతి ఈ నాలుగూ ఒక్క మాటలో ఇమిడి ఉన్నవి. అట్లే గడప దాటేవారు "పోతాను" అంటే ఇంట్లోవారు ఒప్పుకోరు. "వెళ్ళి వస్తాను" అనవలసిందే. హోసూరు సీమలోనూ "పోయొస్తా" అనే అంటారు. వెళ్ళడంలోనే రావడం ఉన్నదన్నది మన భాష నేర్పిన నీతి.

తళి గ్రామం హోసూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. దాదాపు 3,000 అడుగుల ఎత్తు. చుట్టూ మిట్టపల్లాలు, రాగి చేలు, ఒకవైపు ఏనుగులు తిరిగే అడవి. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినవస్తవి. పూర్వం మొరసునాడు అనే సీమలో చేరిన ఈ ప్రాంతంలో తెలుగు నిన్న మొన్న దిగిన భాష కాదు. ఉద్యోగాల కోసం వచ్చిన మనం వలస కుటుంబాలమే గాని, మన భాషకు ఇక్కడ పాత ఇల్లే ఉన్నది.

1792లో శ్రీరంగపట్నం సంధి వలన బారామహల్, సేలం ప్రాంతాలు కుంఫిణీవారి వశమైనవి. ఎగువనున్న హోసూరు సీమ మాత్రం 1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాతనే వారికి దక్కినది. బారామహల్‌లో రీడ్ దొర క్రింద పనిచేసిన సహాయకులలో ఒకరు తామస్ మన్రో. తరువాత దత్తమండలాల కలెక్టరై రాయలసీమ ప్రజల నోట నిలిచిన దొర ఈయనే. 1780లో మద్రాసులో దిగిన ఈయన స్వదేశానికి ప్రయాణమైనది 1807లో. ఇరవైయేడేళ్ళ చాకిరీ తరువాత దొరికిన సెలవు అది. మళ్ళీ ఇక్కడ అడుగుపెట్టినది 1814లో. మధ్యలో 1813లో కామన్సు సభ యెదుట ఈ దేశ పరిస్థితులను గురించి సాక్ష్యమిచ్చినారు. సెలవులో ఉన్నా పని వెంటాడడం అప్పటికే ఉన్నదన్నమాట! 1820లో గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాకు గురై మరణించినారు. అది ఆయన తన పాత మండలాలను కడసారి చూడబోయిన ప్రయాణం.

ఇట్లా ఏళ్ళ తరబడి ఇంటికి పోలేని దొరలు ఏం చేసినారు? ఇంటినే ఇక్కడ వెతుక్కున్నారు. తళి చల్లదనాన్ని, పచ్చని మిట్టలను చూచి దానికి "లిటిల్ ఇంగ్లండ్" అని ముద్దుపేరు పెట్టినారు. హోసూరులో బ్రెట్ అనే సేలం కలెక్టరు ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోట నమూనాలో ఒక భవనమే కట్టించినారు. నీలగిరులలో సల్లివాన్ దొర మొదలుపెట్టిన ఊటీ విడిది పెరిగి పెరిగి, 1870 నుండి మద్రాసు ప్రభుత్వానికి వేసవి ముఖ్యపట్టణమైనది. ఏటేటా కచేరీలు, కాగితాలు, గుమాస్తాలతో సహా ప్రభుత్వమే కొండెక్కేది.

దొరలు చలిమంట దగ్గర కూర్చుంటే కట్టెలు కొట్టి తెచ్చేవారు, గుర్రాలను మాలీషు చేసేవారు, వంట చేసేవారు, తోటకు నీళ్ళు పోసేవారు మన వాళ్ళే. ఒకరి విశ్రాంతి మరొకరి చాకిరీ అయినది. ఈ సంగతి నేటికీ పోలేదు. హోసూరు, తళి ప్రాంతాల పాలిథీన్ పందిళ్ళలో పెరిగే గులాబీలు ఫిబ్రవరిలో ప్రేమికుల దినానికి దేశాంతరాలకు పోతవి. ఆ పండుగ ముందు వారాలే ఇక్కడి పూలకూలీలకు ఊపిరాడని రోజులు.

తళిని చిన్న ఇంగ్లండు అన్నవారు ఉండగా, అసలు ఇంగ్లండునే చూచి వచ్చిన తెలుగు ఇల్లాలు ఒకరున్నారు. పోతం జానకమ్మ రాఘవయ్య గారు 1873లో సముద్రం దాటి ఆ దేశం చూచి, తెలుగులో వ్రాసినారు. దాని ఆంగ్లానువాదం 1876లో మద్రాసులో అచ్చయినది. సముద్రయానానికి మగవారే వెనుదీసిన కాలమది.

అయితే సెలవు పుచ్చుకొని, లోకం చూచి, తిరిగి పనిలో చేరడమెట్లో తెలుగువారికి చూపిన మహానుభావులు ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి. మనవలెనే తమిళదేశంలో కొలువు చేసుకొని బ్రతికిన తెలుగువారు. కోర్టువారి వద్ద సెలవు పొంది 1830 మే 18న మద్రాసులో బయలుదేరినారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరినారు. గయ, కలకత్తా చూచుకొని, జగన్నాథం, విశాఖపట్నం, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. పదిహేను నెలల పదిహేను రోజులు. వెంట ఇంచుమించు నూరుమంది పరివారం. దారిలో దొంగలు, జ్వరాలు, వరదలు ఉన్న రోజులవి. ఒంటరిగా పోవడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే.

ఆయన దారి పొడుగునా చూచినది చూచినట్టు తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ గారికి వ్రాస్తూ పోయినారు. ఏ మజిలీ ఎంత దూరం, నీళ్ళు దొరుకునా, అంగళ్ళలో ఏమున్నవి, జనం ఎట్లాంటివారు, అన్నీ. తిరిగివచ్చి మళ్ళీ తమ కోర్టు ఉద్యోగమే చేసుకున్నారు. 1836లో వారు గతించగా, 1838లో పిళ్ళ గారు "కాశీయాత్ర చరిత్ర"ను అచ్చు వేయించినారు. ఒక శతాబ్దం తరువాత 1941లో దిగవల్లి వెంకటశివరావు గారు దానిని పరిష్కరించి మళ్ళీ ప్రకటించినారు. ఒక ఉద్యోగి పెట్టుకున్న సెలవు ఇంతకాలం నిలిచి మనకు చరిత్ర అయినది!

రైలు వచ్చిన తరువాత దారి మారినది. 1856 జులై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డుకు దక్షిణాదిన తొలి రైలు నడిచినది. ఒక మనిషికి ఒక టిక్కెట్టు. పరివారం లేకపోయినా, డోలీ బోయీలు లేకపోయినా, ఎవరి టిక్కెట్టు వారు కొని దూరదేశం పోవచ్చును. ఒంటరి ప్రయాణం సామాన్యునికి అందినది అప్పటినుండియే. మన కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన మాచవరపు ఆదినారాయణ గారు కాలినడకన దేశం తిరిగి "భ్రమణకాంక్ష" వ్రాసినారు. పాఠాలూ చెప్పినారు, దారులూ నడిచినారు.

కార్మికునికి మాత్రం సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లులలో నారాయణ్ మేఘాజీ లోఖండే నడిపిన ఉద్యమం ఫలితంగా 1890లో ఆదివారం సెలవు దొరికినది. 1891 ఫ్యాక్టరీ చట్టంలో వారానికొక విరామ దినం చేరినది. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన సెలవును గురించి ఒడంబడిక చేసినది. 1948 ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన పెద్దలకు ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు నిర్ణయించినది. ఇరవైకి ఒకటి! ఆ ఒక్కటి కోసం ఎందరు ఎన్నేళ్ళు పోరాడినారో తలచుకొంటే దానిని వృథా చేయ మనసొప్పదు. 1970ల నుండి హోసూరులో పారిశ్రామిక వాడలు లేచి, మన కుటుంబాలెన్నో ఇటు వచ్చిన తరువాత ఈ లెక్క మన వంటింటి లెక్క కూడా అయినది.

మరి ఆ సెలవులను మనం ఏం చేస్తున్నాము? సగం పెండ్లిండ్లకు, సగం ఊరి వ్యవహారాలకు. రాత్రి బస్సు దిగి, ముఖం కడుక్కొని, ఉదయం షిఫ్టుకు పోవడం మనలో మామూలైనది. ఇక ఇల్లాలికి ఊరు పోయినా వంటిల్లే, తిరిగివస్తే మాసిన బట్టల మూటే. ఆమె సెలవు ఏ చట్టంలోనూ వ్రాయబడలేదు. చదువుకొన్న ఆడపిల్ల "నేనొక్కదాన్నే నాలుగు ఊళ్ళు చూచి వస్తాను" అంటే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. జానకమ్మ గారు పుట్టిన జాతి మనది. దారి, బస, తిరిగి వచ్చే రోజు అడిగి తెలుసుకొందాము, జాగ్రత్తలు చెబుదాము. కాని "వెళ్ళి రా తల్లీ" అనడం నేర్చుకొందాము.

చరిత్ర నుండి మేము గ్రహించినవి మూడు. ఒకటి, వీరాస్వామయ్య గారివలె అనుమతి పొంది, చేతిలోని పని మరొకరికి అప్పగించి బయలుదేరవలెను. అప్పుడు మన్రో దొరవలె పని వెంట రాదు. రెండు, చూచినది వ్రాసి ఉంచవలెను. సెలవు తీరినా అది తీరదు. మూడు, సెలవులోని చివరి దినాన్ని ప్రయాణానికి ఇవ్వక ఇంటికి ఇవ్వవలెను. బట్టలు ఉతుక్కొని, ఇరుగుపొరుగును పలకరించి, కంటినిండా నిద్రపోయి, మరునాడు పనిలో చేరితే శరీరంతోపాటు మనసూ తిరిగి వస్తుంది. చేరిన రోజే కొండను ఎత్తక, చిన్న పనులతో మొదలుపెట్టడం మేలు.

తమిళనాడులో ఉగాదికి ప్రభుత్వ సెలవు కలదు. ఈ ఒక్క దినమైనా ఇంట్లో అందరికీ, వంట చేసే చేతులకు కూడా, సెలవు దక్కునట్లు చూచుకొందాము. కొత్త ఏడాది మన కుటుంబాలన్నిటికీ ఆదాయంతోపాటు విశ్రాంతినీ, ప్రయాణంతోపాటు క్షేమంగా తిరిగి రావడాన్నీ ఇచ్చుగాక!