హెచ్‌ఐవీ: సత్వర చికిత్స, వైరస్ అదుపు (విశాఖపట్నం)

హెచ్‌ఐవీ ఉందని తేలిన వ్యక్తికి ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టి, రక్తంలోని వైరస్‌ను పరీక్షకు చిక్కనంత తక్కువకు దించి, జీవితాంతం ఆ స్థాయిలోనే నిలపడం నేటి హెచ్‌ఐవీ చికిత్స లక్ష్యం. ఈ మందుల చికిత్సను ఏఆర్‌టీ (యాంటీ రిట్రోవైరల్ థెరపీ) అంటారు. ఇది వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించలేదు, కానీ పెరగకుండా ఆపుతుంది. అలా ఆగినంతకాలం రోగనిరోధక శక్తి నిలబడుతుంది, లైంగిక భాగస్వామికి వైరస్ సోకదు. త్వరగా మొదలుపెట్టినవారి ఆయుర్దాయం ఇతరులతో దాదాపు సమానంగా ఉంటుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చేపల రేవు, జాతీయ రహదారి ఉన్న విశాఖపట్నంలో పని కోసం ఊళ్లు మారేవారు ఎక్కువ. ఇక్కడ చికిత్స ఫలితాన్ని రెండు విషయాలు తేలుస్తాయి: పరీక్షకూ మొదటి మాత్రకూ మధ్య ఎంత కాలం గడిచింది, ఆ తర్వాత మాత్ర క్రమం తప్పకుండా పడుతోందా లేదా.

నేపథ్యం

భారతదేశంలో హెచ్‌ఐవీని తొలిసారి 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం గుర్తించింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. వ్యాధి తీవ్రంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాతి కాలంలో కొత్త కేసులు బాగా తగ్గినా భారం తొలగలేదు. నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుండగా, వారిలో 3.21 లక్షల మంది ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. ఈ సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఈ రాష్ట్రానిదే. వయోజనుల్లో దేశ సగటు 0.21 శాతం కాగా, రాష్ట్రంలో 0.67 శాతం.

మూడు మందుల చికిత్స 1996 నాటికే వచ్చినా, ఏడాదికి పది వేల డాలర్లకు పైబడిన ఖర్చు పేద దేశాలకు అందేది కాదు. 2001లో సిప్లా సంస్థ అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించడంతో పరిస్థితి మారింది. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ ప్రారంభించింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తొలి రోజుల్లో మందులు అందరికీ ఇచ్చేవారు కాదు. రోగనిరోధక కణాలైన సీడీ4 సంఖ్య ఘనపు మిల్లీమీటరు రక్తంలో 200 కంటే తగ్గితేనే మొదలుపెట్టేవారు. క్రమంగా ఆ హద్దు 350కి, ఆపై 500కి పెరిగింది. సంఖ్య బాగున్నవారిని కొన్ని నెలలాగి మళ్లీ రమ్మని పంపేవారు. వారిలో కొందరు తిరిగి రాలేదు. మరికొందరు క్షయతోనో, మెదడువాపుతోనో మంచమెక్కిన తర్వాత వచ్చారు. వేచి ఉండటం వల్ల జరిగిన అసలు నష్టం అదే.

2015లో వెలువడిన స్టార్ట్ అధ్యయనం ఈ చర్చకు ముగింపు పలికింది. 35 దేశాల్లో సీడీ4 సంఖ్య 500 దాటి ఉన్న 4,685 మందిని పరిశీలించగా, వెంటనే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్ర అనారోగ్యం లేదా మరణం ముప్పు 57 శాతం తగ్గింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చికిత్స ఇవ్వాలని సిఫారసు చేసింది. 2017 ఏప్రిల్‌లో భారతదేశం ‘పరీక్ష, ఆ వెంటనే చికిత్స’ విధానాన్ని ప్రకటించింది. నిర్ధారణ అయిన ఏడు రోజుల్లోపు, రోగి సిద్ధంగా ఉంటే అదే రోజు, మందులు ప్రారంభించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే సూచించింది.

విశాఖలో చికిత్స క్రమం

హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీల్లో (కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు) ఉచితంగా, గోప్యంగా జరుగుతుంది. మూడు వేర్వేరు కిట్లతో పరీక్షించాకే పాజిటివ్ అని నిర్ధారిస్తారు. అక్కడి నుంచి ఏఆర్‌టీ కేంద్రానికి పంపుతారు. నగరంలో ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఈ సేవలకు ప్రధాన కేంద్రం.

మొదటి రోజున బరువు, రక్తహీనత, మూత్రపిండాలు, కాలేయం పనితీరు, హెపటైటిస్-బి, సి, సీడీ4 పరీక్షలు చేస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. క్షయ, మెదడు పొరల వాపు అనుమానం లేనివారికి ఫలితాలన్నీ చేతికొచ్చేదాకా మందు ఆపాల్సిన పని లేదు.

ఆలస్యం అవసరమయ్యే సందర్భాలు కొద్ది. క్షయ ఉంటే ముందు క్షయ మందులు మొదలుపెట్టి, సాధారణంగా రెండు వారాల్లోపు ఏఆర్‌టీ ఇస్తారు. మెదడు పొరలకు క్షయ లేదా క్రిప్టోకాకస్ ఫంగస్ సోకితే కొన్ని వారాలు ఆగుతారు. ఆ స్థితిలో రోగనిరోధక శక్తి ఒక్కసారిగా పుంజుకుంటే మెదడులో వాపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రస్తుతం ఎక్కువమంది పెద్దలకు ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. మొదటి రెండూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుచేసుకోకుండా ఆపుతాయి. మూడోది ఆ డీఎన్‌ఏ మన కణంలోని జన్యుపదార్థంలో కలవకుండా అడ్డుకుంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను ఒంటపట్టనివ్వవు కాబట్టి, వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ ఈ మాత్ర వేసుకోవాలి. క్షయ మందు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి డోలుటెగ్రావిర్ మోతాదు రోజుకు రెండుసార్లు అవసరం.

వైరల్ లోడ్ ఏం చెబుతుంది

మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ కాపీలు ఉన్నాయో చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపై ఏడాదికోసారి దీన్ని చేస్తారు. సంఖ్య 1,000 దాటితే చికిత్స పనిచేయడం లేదని వెంటనే తీర్మానించరు. మాత్రలు ఎందుకు తప్పుతున్నాయో రోగితో మాట్లాడి, మూడు నెలలు గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చి, మళ్లీ పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గకపోతే మందుల వరుస మార్చడం గురించి ఆలోచిస్తారు.

వైరస్ కనబడని స్థాయికి చేరినవారి నుంచి లైంగికంగా వ్యాధి సోకదని పెద్ద అధ్యయనాలు రుజువు చేశాయి. 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో జరిగిన హెచ్‌పీటీఎన్ 052లో చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్నాయి. త్వరగా చికిత్స మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని అది 2011లో తేల్చింది. వైరస్ అదుపులో ఉన్నప్పుడు ఒక్కరి నుంచీ సోకలేదని 2019 నాటి పార్ట్‌నర్-2 తెలిపింది. అయితే కనబడటం లేదంటే వైరస్ పోయిందని కాదు. కొన్ని కణాల్లో అది నిద్రాణంగా దాగి ఉంటుంది. మందు ఆపితే కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

గర్భిణులు, శిశువులు

చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి వైరస్ అదుపులో ఉంటే అది ఐదు శాతం లోపుకు తగ్గుతుంది. అందుకే గర్భిణులందరికీ తొలి తనిఖీలోనే పరీక్ష చేస్తారు. పాజిటివ్ అయితే ఆలస్యం లేకుండా జీవితకాల చికిత్స మొదలుపెడతారు. పుట్టిన బిడ్డకు నివారణ మందు ఇచ్చి, ఆరో వారంలో పరీక్షిస్తారు.

ఓడరేవు నగరంలో అడ్డంకులు

ఓడరేవుకు సరుకు తెచ్చే లారీ డ్రైవర్లు, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వచ్చే వలస కార్మికులు, రోజుల తరబడి సముద్రంలో ఉండే మత్స్యకారులు ప్రతి నెలా ఒకే ఆసుపత్రికి రావడం కష్టం. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి కొన్ని నెలల మందులిచ్చే పద్ధతి వీరికి ఎంతో మేలు. ఊరు మారినవారు బదిలీ పత్రంతో దేశంలోని ఏ ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలోనైనా చికిత్స కొనసాగించవచ్చు. మందులు మానేసినవారిని వెతికి తిరిగి చికిత్సలోకి తేవడానికి నాకో 2017లో మిషన్ సంపర్క్ చేపట్టింది.

దూరం కంటే పెద్ద అడ్డంకి భయం. తెలిసినవాళ్లు చూస్తారని ఆసుపత్రికి వెళ్లకపోవడం, ఇంట్లో తెలుస్తుందని మాత్రలు దాచడం, ఒంట్లో బాగానే ఉందని మానేయడం, పూర్తిగా నయం చేస్తామనే నాటు వైద్యుల మాట నమ్మడం తరచూ జరిగేవే. వీటిని బెదిరింపుతో కాదు, ఓపికగా వినే కౌన్సెలర్‌తో, వెన్నంటి ఉండే ఇంటి మనిషితో దాటాలి.

చట్టం, అండ

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. హెచ్‌ఐవీ కారణంగా ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించడాన్ని అది నిషేధించింది. సమ్మతి లేకుండా పరీక్షించరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఓడరేవుకూ, ఉక్కు కర్మాగారానికీ ఈ నియమం వర్తిస్తుంది. రాష్ట్రంలో ఏఆర్‌టీ మందులు వాడుతున్న అర్హులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది.

మందుల తయారీలో ఈ ప్రాంతం

ఎయిడ్స్ మందుల ముడిపదార్థాల్లో ప్రపంచస్థాయి తయారీదారైన లారస్ ల్యాబ్స్‌కు పరవాడ ఫార్మాసిటీలో, అచ్యుతాపురంలో కర్మాగారాలున్నాయి. నక్కపల్లి దగ్గర హెటిరో సంస్థ పనిచేస్తోంది. 2022 జిల్లాల విభజన వరకు ఇవన్నీ విశాఖ జిల్లాలోనివే.

ప్రపంచానికి మందులందించే ఈ నేల మీద మందు అందక, లేదా భయంతో ఆలస్యం చేసి, ఎవరూ ప్రాణం పోగొట్టుకోకూడదు. అనుమానం ఉన్నవారు ఈ వారమే పరీక్ష చేయించుకోవాలి. పాజిటివ్ అని తేలినవారు అదే వారంలో మందులు మొదలుపెట్టాలి. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.