నేలమాళిగలో ఎర్ర బొత్తాం

విశాఖ సీతమ్మధారలో స్వెట్టర్ బీరువాలోంచి బయటికొచ్చేది అరకు వెళ్ళేటప్పుడే. అందుకే ఇక్కడ అమెరికాలో బాయిలర్ వెలగడం లేదంటే మా అమ్మకు అదో పెద్ద విషయంగా తోచదు. "గీజర్ పోతే పొయ్యి మీద నీళ్ళు కాచుకోరా, దానికింత గాభరా ఏటి?" అంటుంది. ఇది స్నానాల గీజర్ కాదు. మసాచుసెట్స్‌లో, వూస్టర్ పరిసరాల్లో జనవరి రాత్రి మైనస్ పదిహేనుకు దిగడం వింతేమీ కాదు. గదిగదికీ తిరగాల్సిన వేడినీళ్ళు ఆగిపోతే గోడల్లోని పైపులు గడ్డకట్టి పగులుతాయి.

నేలమాళిగలో వెయ్యి లీటర్లు పట్టే ట్యాంకు ఉంటుంది. అందులో ఉండేది ఇంచుమించు డీజిలే. రోడ్డు పన్ను కట్టని సరుకని తెలిసేలా ఎర్ర రంగు కలుపుతారు. పంపు దాన్ని నాజిల్‌లోంచి సన్నటి తుంపరగా చిమ్ముతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య పదివేల వోల్టుల నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది. మంట పుట్టిందో లేదో చూడటానికి కాడ్ సెల్ అనే చిన్న కన్ను ఉంటుంది. కొన్ని సెకన్లలో దానికి వెలుగు కనబడకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. మళ్ళీ కదలాలంటే ఎర్ర రీసెట్ బొత్తాం నొక్కాలి, అదీ ఒక్కసారే. పంతానికి పోయి నొక్కుతూనే ఉంటే కాలని నూనె లోపల మడుగు కడుతుంది. ఆ తర్వాత రవ్వ తగిలిందా, భగ్గుమంటుంది.

బొత్తాం జోలికి వెళ్ళేముందు నేలమాళిగ మెట్ల దగ్గరి ఎర్ర స్విచ్చి చూడాలి. లైటనుకుని చుట్టాలు ఆర్పేస్తుంటారు. తర్వాత ట్యాంకు గేజి, థర్మోస్టాట్. నూనె పూర్తిగా అయిపోయి ఉంటే, మళ్ళీ పోయించాక గొట్టంలో చేరిన గాలిని తీసేయాలి. ఫిల్టర్, నాజిల్ మెకానిక్ పని.

అసలు ఇంటింటా ఈ నూనె ఎందుకు? ఇక్కడి పాత ఇళ్ళ పునాది గోడలో చిన్న ఇనుప తలుపు కనిపిస్తుంది. బొగ్గు లోపలికి జారవిడిచిన దారి అది. పెన్సిల్వేనియా ఆంత్రసైట్ బొగ్గు ఈ ప్రాంతాన్ని దశాబ్దాల పాటు కాచింది. 1902లో అక్కడి గని కార్మికులు దాదాపు లక్షన్నర మంది సమ్మె కట్టారు. చలికాలం ముంచుకొస్తుంటే అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా మధ్యవర్తిత్వానికి దిగాడు. చివరికి కార్మికులకు పది శాతం కూలి పెరిగింది. 1925లో మరో సుదీర్ఘ సమ్మె. బొగ్గు మీద నమ్మకం సడలి, జనం నూనె బర్నర్ల వైపు చూడటం మొదలెట్టారు.

నూనెకూ నిలకడ లేదు. 1942లో జర్మన్ జలాంతర్గాములు ఈ తీరం వెంబడి ట్యాంకర్లను ముంచేస్తుంటే ఇళ్ళకు నూనె రేషన్ వచ్చింది, మళ్ళీ బొగ్గుకు మారమన్నారు. టెక్సాస్ నుంచి రెండు వేల కిలోమీటర్ల పైపులైను, 'బిగ్ ఇంచ్', ఆ దెబ్బకే వేశారు. యుద్ధం ముగిశాక దాన్ని గ్యాస్‌కు మార్చారు గానీ, గ్యాస్ గొట్టాల చిట్టచివరన ఉన్న ఈ మూలకు అది ఆలస్యంగానే వచ్చింది, అన్ని వీధులకూ రాలేదు.

1973 నాటి చమురు సంక్షోభం మనకూ తెలిసిందే. ఆ కాలంలోనే, 1976లో, మన విశాఖ కాల్టెక్స్ రిఫైనరీ ప్రభుత్వపరమై తర్వాత హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఇక్కడ 1977 ఫిబ్రవరిలో జిమ్మీ కార్టర్ టీవీలో ఉన్ని స్వెట్టర్‌తో కూర్చుని, థర్మోస్టాట్ పగలు 65కి, రాత్రి 55కి దించుకోమన్నాడు. అంటే మన లెక్కలో పద్దెనిమిది, పదమూడు డిగ్రీలు. మన ప్రభుత్వం కంపెనీని తీసుకుంది, వీళ్ళ ప్రభుత్వం స్వెట్టర్ వేసుకోమంది. ఎవరిది తెలివో నేను తేల్చలేను. 2000లో ఈ ఈశాన్య రాష్ట్రాల కోసమే ఇరవై లక్షల పీపాల నూనె నిల్వ పెట్టారు. తర్వాత దాన్ని సగానికి తగ్గించారు.

ఇన్ని జాగ్రత్తలూ 2008 డిసెంబరు మంచువానలో అక్కరకు రాలేదు. తీగల మీద, కొమ్మల మీద మంచు గాజులా పేరుకుని, వూస్టర్ చుట్టుపక్కల కరెంటు రోజుల తరబడి పోయింది. విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాతి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ట్యాంకు నిండా నూనె ఉన్నా పంపుకు కరెంటు లేదు, రవ్వకు కరెంటు లేదు. ఇప్పుడు చాలామంది బాయిలర్ తీయించి హీట్ పంపు పెట్టించుకుంటున్నారు. అది మీ గోడకున్న స్ప్లిట్ ఏసీయే, తిరగేసి పనిచేస్తుంది. దానికీ కరెంటే కావాలి. అందుకే కొత్తది బిగించుకున్నవాళ్ళలో కొందరు పాత కట్టెల పొయ్యిని మాత్రం అమ్మడం లేదు.