చుక్కాని కాని చుక్కాని
అవుట్‌బోర్డు మోటారు పంకా కింద రెక్కలా దిగే అల్యూమినియం పలక పేరు స్కెగ్. ఇసుక మేటకో రాయికో తగిలి అది విరిగితే ‘చుక్కాని విరిగింది’ అనేవారుంటారు. ఆ మాట అక్కడ అతకదు. చుక్కల్ని చూసి దారి పట్టించేది గనక చుక్కాని అనిపిస్తుంది గానీ, దాని మూలం అరబ్బీ ‘సుక్కాన్’, పడవను మళ్లించే పలక. పారశీలో ‘సుక్కానీ’ అంటే దాన్ని పట్టే మనిషి. తెడ్డు, తెరచాప మనవే. చుక్కానీ, పారశీ లంగరూ ఓడలతో వచ్చిన చుట్టాలు. మోటారుతో పాటు స్కెగ్ కూడా తిరుగుతుందిగా, అదీ చుక్కానే కదా అనవచ్చు. కొంత నిజమే. కానీ దాని అసలు పని పంకాకు అడ్డు నిలవడం, పడవ పక్కకు జారకుండా చూడడం. ఇంట్లో బాగుచేసేవాడికి ఈ తేడా ముఖ్యం: చుక్కాని అనుకుంటే కీలు, ఇరుసు వెతుకుతాడు, ఇది గేరుపెట్టెతో కలిపి పోత పోసిన ముక్క, ఊడదీయడానికి ఏమీ లేదు. విరిగిన అంచును ఆకురాయితో రాకి, స్టీలు బ్రష్‌తో మెరిసేదాకా తోమాకే వెల్డింగు. ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. దాని మీది ఆక్సైడు పొర 2,000 డిగ్రీల దగ్గరా మొండికేస్తుంది.